శేషారత్నం చచ్చిపోయిన మధ్యాహ్నం

ముప్పై నాలుగేళ్లు ఆపరేషన్ థియేటర్ నర్సుగా పనిచేసిన శేషారత్నం అక్కడ నోరు విప్పింది చాలా తక్కువ. డాక్టరు చెయ్యి చాపితే కత్తెర, మళ్లీ చాపితే దూది. అంతే. రిటైరయ్యాక కొత్తపేటలో సొంతింట్లో ఉంటోంది. ఒకనాడు పై వాటాలో కిరాయికుంటున్న ఇన్‌స్పెక్టర్ సాధన దిగి వచ్చింది.

"ఆంటీ, రెండు డివిజన్ల పోలీసులకు కలిపి కొత్త ట్రైనింగ్ తయారు చేస్తున్న. మనిషిని ఎంత బలంతోని లొంగదీయాలె, దెబ్బ తాకితే అక్కడ్నే ఎట్ల బతికించాలె... రెండూ. మీరు జర ఒచ్చి నెత్తురు ఆపుడు చూపిస్తరా?"

"అదెంత పని! వస్తానమ్మా."

ఎల్బీనగర్‌లో ఒక ఫంక్షన్ హాలు. ఇరవై మంది కానిస్టేబుళ్లు, ఒక డివిజన్ వాళ్లు ఇటు, ఇంకో డివిజన్ వాళ్లు అటు. పొద్దున పట్లు నేర్చుకున్నారు, తర్వాత కట్లు. మధ్యాహ్నం పరీక్ష. దొంగ వేషం ఎవరు వేస్తారని సాధన అడిగితే ఎవరూ కదల్లేదు.

"నేనేస్తా!" అనేసింది శేషారత్నం. ఆ మాట తన నోట ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

నెత్తురుకు బదులు జబ్బకు బీట్‌రూట్ రసం సంచీ కట్టారు, చేతికి రబ్బరు కత్తి ఇచ్చారు. "దగ్గరకొస్తే పొడిచేస్తానొరేయ్!" అని అరిచింది. అరవై రెండేళ్లలో తన గొంతు అంత గట్టిగా వినడం అదే మొదటిసారి. ఇంకోసారి అరిచింది.

ఆరడుగుల జోయల్ చేతులు జోడించాడు. "అమ్మా, మిమ్మల్ని ఎట్ల పట్టుకోవాలె?"

"దొంగని పట్టుకుని అమ్మా అంటావేంటయ్యా!" అంటూ అతన్ని కుర్చీల చుట్టూ తరిమింది. హాలంతా ఈలలు.

చివరికి నలుగురు కలిసి మెల్లగా పడుకోబెట్టి, కత్తి లాక్కుని బేడీలు వేశారు. రసం సంచీ పగిలింది. వాళ్లు మాత్రం చప్పట్లు కొట్టుకుని ఫోన్లో ఫొటోలకు నిలబడ్డారు. శేషారత్నం ఎదురుచూసింది, చూసింది.

"నాయనా, నేను చచ్చిపోయాను," అంది నేల మీంచి.

నవ్వులు ఆగిపోయాయి. సాధన గడియారం చూసింది. "మూడు నిమిషాలైంది. నిజంగనే పోయేది."

"పడగొట్టిన చేతులే కట్టు కట్టాలమ్మా. విడివిడిగా నేర్పితే ఇదిగో, ఇలాగే మర్చిపోతారు."

సాధన తన ఫైల్లో రెండు పాఠాలకూ మధ్య ఉన్న గీత కొట్టేసింది. మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి జోయల్ కత్తి లాక్కున్న మరుక్షణం, అతనితో కలిసి పడగొట్టిన అవతలి డివిజన్ అమల, శేషారత్నం జబ్బకు గుడ్డ చుట్టి, నెత్తురు ఆగేలా పుల్ల దూర్చి మెలితిప్పింది.

"నలభై సెకన్లు!" అని సాధన అరవగానే ఇటువాళ్లూ అటువాళ్లూ ఒకరి మీద ఒకరు పడి గంతులేశారు. శేషారత్నాన్ని కుర్చీతో సహా పైకెత్తేశారు. "పడేస్తార్రా నన్ను!" అని కేకలు పెడుతూ, కళ్లనీళ్లు కారేదాకా నవ్వింది.

సాయంత్రం మెట్రోలో పక్కనున్నావిడ చీర మీద ఎర్రటి మరకలు చూసి బెదిరిపోయింది. "బీట్‌రూట్ తల్లీ! ఇవాళ పోలీసుల మీద కత్తి దూశాను," అంది శేషారత్నం. ఆవిడ లేచి ఇంకో సీటుకు వెళ్లిపోయింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి నేరుగా బట్టల కొట్టుకు నడిచింది. సోమవారం ఇంకో బ్యాచ్ ఉంది. "పంజాబీ డ్రెస్సు చూపించమ్మా. నాకే. పరిగెత్తడానికి బాగుండాలి."