చిన్న డబ్బాలో కొండసిలువ

గోల్‌బజార్‌లో ఫోను బాగుచేయించడానికి నిలబడితే సోల్డరు పొగ ముక్కుకు తగిలింది. గుగ్గిలం కాలిన వాసన. "పక్కకు జరగండి మాసీ, కళ్ళు మండుతాయి" అన్నాడు రిపేరు చేసే బెంగాలీ దాదా. నేను జరగలేదు. ఆ వాసన వస్తే నాకు సుగుణ టీచరు గుర్తుకొస్తుంది.

ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే మా రైల్వే కాలనీలో మా పక్కింట్లో ఉండేది. రిటైరైన లెక్కల టీచరు. నేను మూడో తరగతిలో బడి మానేసినదాన్ని. ఇంట్లో నా మాటకు ఎదురుండదు గాని, చదువుకున్నవాళ్ళ ముందు నోరు విప్పేదాన్ని కాదు.

ఆమె పనిచేసిన బడిలో ఒక పాతకాలపు కంప్యూటరు ఉండేది. పలకంత డబ్బా, నిండా మీటలు. బొమ్మ కావాలంటే టీవీకి తగిలించాలి. ఇప్పటి పాఠాలు ఇందులో నడవవు, శనివారం తుక్కువాడికి ఇచ్చేస్తామన్నారు బడివాళ్ళు. ఈ కాలం పిల్లలు నేర్చుకునే భాషనే దానిచేత పలికిస్తాను, ఆ రోజు మీ ముందే నడిపిస్తానని పంతం పట్టి టీచరు దాన్ని ఇంటికి తెచ్చుకుంది. ఊడిన తీగలకు సోల్డరు పెడుతుంటే అడిగాను.

"ఏ భాష టీచరమ్మా?"

"పైథాన్. అంటే కొండచిలువ అక్కా."

"కొండసిలువా? అంత పెద్దది ఈ డబ్బాలో ఎలాగ పడతాది?"

పడీపడీ నవ్వింది. "మా కొండ సిలువ వేరక్కా! అది చర్చిలో ఉంది."

మా నాలుక మీద చ ఎప్పుడూ స అయిపోతుంది. ఆమె కొలిచే ఏసు సిలువనూ పామునూ కలిపేశానని తెలిసి సిగ్గుతో లేచిపోబోయాను. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"నువ్వడిగిందే నా బాధ కూడా. పెద్ద పాము, చిన్న డబ్బా. ఎంత కత్తిరించినా పట్టడం లేదు. తప్పు ఎక్కడుందో చెప్పే మాటలే బోలెడు చోటు తినేస్తున్నాయి. అవి తీసేస్తే పిల్లలు ఎలా దిద్దుకుంటారు?"

శుక్రవారం పొద్దున నేను సరుకులకు వెళ్తూ, ఆమెకేమైనా కావాలేమోనని ఆగాను. నా చీటీ చూసింది. "క, మి, ప. ఇదేటక్కా?"

"క అంటే కందిపప్పు. వారంవారం అంత పొడుగు ఎవులు రాస్తారు? కాగితం దండగ."

"మరిచిపోతేనో?"

"ఏ అచ్చరం ఏటో క్యాలెండరు ఎనకాల ఒక్కసారి రాసినాను. సాలదేటి?"

"అక్కా!" అని ఆమె వేసిన కేకకు వీధిలో సైకిలాయన కాలు కింద పెట్టేశాడు.

మళ్ళీమళ్ళీ వచ్చే మాటలన్నిటినీ ఒక పట్టీలో ఒక్కసారి రాసి, మిగతా చోట్ల ఒక్కో గుర్తు పెట్టిందట. "ఈ ఉపాయం నాకు తెలియనిది కాదు. ఇక్కడ వాడాలని తోచలేదంతే. తోచేలా చేసింది నువ్వు" అంది. చదువుకున్న మనిషి నాతో అలా అనడం అదే మొదలు.

శనివారం నన్నూ బడికి లాక్కెళ్ళింది. ఫోనులోంచి కీచుమని శబ్దం తీగ గుండా డబ్బాలోకి పోయింది; ఆ శబ్దమే ప్రోగ్రామట. టీవీ మీద గీతలు పరుగెత్తి ఆగాయి. గళ్ళు మెరిసి, నల్లటి తెర మీద చిన్న చుక్క మిణుకుమంది. పట్టింది!

హెడ్మాస్టరు ఇప్పటి పుస్తకం తెరిచి, ఏడో ఎక్కం రాయించే పాఠం చూపించారు.

"మా అక్క కొడతాది సార్" అంది టీచరు.

"నీకేటి మతి పోయిందా?" అన్నాను గొణుగుతూ. ఒక్క వేలితో, పుస్తకంలోని గుర్తులు వెతుక్కుంటూ కొట్టాను. టీవీ మీద ఏవో ఇంగ్లీషు మాటలు పడ్డాయి. అంతా పాడుచేశాననుకుని చెయ్యి వెనక్కి లాగేసుకున్నాను. టీచరు మాత్రం చప్పట్లు కొట్టింది.

"చూశారా సార్! రెండో లైన్లో బ్రాకెట్టు మూయలేదంటోంది. తప్పు కూడా చెప్తోంది! దిద్దక్కా."

దిద్దాను. ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి... జరజరా దిగింది ఎక్కం. గెంతెయ్యాలనిపించింది, ఈ వయసులో! హెడ్మాస్టరు తుక్కువాడికి ఫోను చేసి రావద్దన్నారు.

టీచరు పోయి ఏడాది దాటింది. మొన్న పింఛను ఫారం నేనే నింపాను. కౌంటరాయన తప్పుందని తిరిగి ఇచ్చేసి, చదువొచ్చిన వాళ్ళనెవరినైనా తీసుకురమ్మన్నాడు.

"ఏ లైన్లో తప్పో సెప్పు బాబూ" అన్నాను, కలం మూత తీసి. "నేనే దిద్దుతాను."