ఉప్పల్ నుంచి మల్లాపూర్ దాకా: రెండు బండ్లు, ఒక వైర్‌లెస్ ఛానల్

నగరానికి తూర్పున ఉప్పల్, నాచారం, మల్లాపూర్‌లకు కలిపి మా ఆఫీసు కేటాయించగలిగినవి రెండు వైర్‌లెస్ ఛానళ్ళే. అడుగుతున్నవాళ్ళు ముగ్గురు. ఉప్పల్ పోలీస్ ఔట్‌పోస్టు ఒకటి, నాచారంలో ఒక చిన్న మిషన్ ఆసుపత్రికి ఉన్న అంబులెన్సు ఒకటి, మల్లాపూర్‌లోని కార్ఖానాల వాళ్ళు తలా కొంత వేసుకుని కొనుక్కున్న ఫైరింజను ఒకటి. పటం ముందు పెట్టుకుని మా ఆఫీసు పెద్దవాళ్ళు వేసిన ప్రణాళికలో పోలీసులకు ఒక ఛానల్ విడిగా ఇచ్చారు, అంబులెన్సునూ ఫైరింజనునూ రెండో ఛానల్లో కలిపారు. అనుమతి వచ్చేదాకా తాత్కాలికంగా కొన్నాళ్ళుగా అలాగే వాడిస్తున్నారు కూడా. ఆ రెండు బండ్లు తిరిగే చోట్ల మధ్య పెద్ద రాతి గుట్ట ఉంది. ఒకరి మాట ఒకరికి వినపడదు కాబట్టి ఒకరికొకరు అడ్డం రారని వాళ్ళ ఆలోచన. నాకూ అది సబబుగానే తోచింది. ఒక రోజు అక్కడ తిరిగి, సరిచూసి, సంతకం పెట్టి తెమ్మని నన్ను పంపారు. ఆ కాగితం ఢిల్లీ వెళ్ళి అనుమతితో తిరిగి వచ్చిందంటే మళ్ళీ మార్చడం ఏళ్ళ పని.

మా ఇంట్లో బడికి వెళ్ళినదాన్ని నేనొక్కదాన్నే. మా నాన్న భువనగిరి దగ్గర రాళ్ళు కొడతాడు. నా సంతకం మీద ఒక పని ఆగుతుందన్నా సాగుతుందన్నా ఆయన నమ్మడు. అందుకే ముందు రోజంతా ఆ ప్రణాళిక కాగితాలు చదివి చదివి కంఠస్థం చేసి బయలుదేరాను.

సికింద్రాబాద్ నుంచి ఉప్పల్‌కు పొద్దున ఏడు దాటాక బస్సు పట్టుకుంటే ఎండ ముదరకముందే చేరుకోవచ్చు. కండక్టరు చిల్లర ఇవ్వడు, అది మన దగ్గర ఉండాలి. ఉప్పల్‌లో దిగేసరికి అంబులెన్సు రోడ్డు పక్కన నిలబడి ఉంది. డ్రైవరు యేసయ్యది మెదక్ వైపు పల్లె. ఈ ఊరికి వచ్చి చాలా కాలమైంది. వయసులో మా నాన్న అంత ఉంటాడు, నేను మామా అనే పిలిచాను.

"నువ్వేనా బిడ్డా, మా లైను సూడనీకి వచ్చింది?" అన్నాడు. "పోయినసారి ఒక సారు వచ్చి బండి కూడ దిగలే. అద్దంల నుంచే సూసి పోయిండు."

"నేను దిగుత మామా, నడుస్త గూడ."

"నడవకు. చెప్పులు తెగితే ఆఫీసోళ్ళు ఇయ్యరు."

ఉప్పల్ నుంచి చిల్కానగర్ మీదుగా సందుల్లో తిరుగుతూ అక్కడక్కడ బండి ఆపి పరీక్షలు చేశాం. మా ఆఫీసు పద్ధతి ఇది: ముందు అంబులెన్సు మాట్లాడుతుంది, ఆసుపత్రిలో వైర్‌లెస్ సెట్టు దగ్గర కూర్చున్న నర్సు ఎంత స్పష్టంగా ఉందో చెబుతుంది. అది ముగిశాక ఫైరింజను వంతు, ఆ ఛానల్లో దాని పిలుపు అందుకునేదీ ఆసుపత్రి సెట్టే. ఆసుపత్రి నాచారంలో ఎత్తు మీద ఉండటం వల్ల చిల్కానగర్ పల్లం నుంచి కూడా మా మాట బాగానే వెళ్ళింది. ఫైరింజను డ్రైవరు మల్లేశ్ గుట్టకు అవతల మల్లాపూర్‌లో ఉన్నాడు. అతనిదీ ఆమెకు బాగానే వినిపించింది, దగ్గర కాబట్టి ఇంకా గట్టిగా. అతను మాట్లాడుతున్నప్పుడు మా సెట్టులో చిన్న గరగర కూడా లేదు. పెద్దవాళ్ళు అన్నది అక్షరాలా నిజం. నేను సంతోషంగా అంతా సరిగ్గా ఉందని రాసుకున్నాను.

సెట్టు దగ్గర ఉండే నర్సును అందరూ కమలా సిస్టర్ అంటారు. ఆమె ఒకే ఒక కోరిక కోరింది. బండిలో ఎవరిని తెస్తున్నారో ముందే తెలిస్తే గది, నీళ్ళు, కత్తెరలు సిద్ధం చేసుకుంటుంది. తెలియకపోతే మనిషి గుమ్మంలో పడుకుని ఉండగా పొయ్యి ముట్టించాలి. అదే అలవాటు వాళ్ళు భోజనానికీ పెట్టుకున్నారు. రెండు బండ్ల మీద ఉన్నవాళ్ళూ ఆకలి కాగానే సెట్టులో చెబితే ఆమె అన్నం పెట్టి ఉంచుతుంది. చెప్పకపోతే పెట్టదు, వండింది చల్లారితే ఆమెకు కోపం.

మధ్యాహ్నం హబ్సిగూడ వైపు తిరిగేటప్పుడు యేసయ్య సెట్టు అందుకున్నాడు. లైను నిశ్శబ్దంగా ఉంది. "సిస్టర్, ఇద్దరం వస్తున్నం, అన్నం పెట్టు" అన్నాడు. వెంటనే జవాబు వచ్చింది. "సరే, వచ్చెయ్. తయారు పెడత." నేను స్వయంగా విన్నాను.

ఆసుపత్రి వెనక వంటగదికి వెళ్ళేసరికి మల్లేశ్ అప్పటికే పప్పు కలుపుకుంటున్నాడు. పొయ్యి ఆర్పేసి ఉంది. గిన్నెలో అడుగు మెతుకులే మిగిలాయి.

"మాకేది సిస్టర్?" అన్నాడు యేసయ్య.

"మీరెప్పుడు చెప్పిన్రు?"

"జరసేపైంది. సరే వచ్చెయ్ అంటివి గద. ఈ బిడ్డ గూడ విన్నది."

"అది మల్లేశ్‌కన్న. నీ మాట నాకు రానే లేదు."

మల్లేశ్ ముద్ద ఆపాడు. "నేను చెప్పినప్పుడు లైను ఖాళీగనే ఉండె మామా."

"నాకూ ఖాళీగనే ఉండె."

"అయితే నా మాట కింద నీ మాట పడిపోయింది. అన్నం మాత్రం నాకు దక్కింది" అని మల్లేశ్ నవ్వాడు. యేసయ్య నవ్వలేదు. సిస్టర్ గరిటె కింద పెట్టి అంది, "అన్నమైతే మల్ల వండుత. గిట్లనే నువ్వు నొప్పులు పడే మనిషిని తెస్తున్నవనుకో. సరే అని నేనన్న మాట నీకన్నననుకుని నువ్వు బేఫికర్‌గ వస్తవు. నేనేమో మల్లేశ్‌కు పప్పు వడ్డిస్తు కూసుంట."

ఆ మాటతో నా ఆకలి పోయింది. గుట్ట అడ్డం ఉండటం వల్లనే ఇద్దరికీ లైను ఖాళీగా అనిపిస్తుంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు. ఎత్తు మీద ఉన్న ఆసుపత్రికి మాత్రం రెండూ చేరుతాయి, గట్టి మాట మెల్లని మాటను మింగేస్తుంది. మాట పోయినవాడికి ఆ సంగతి తెలిసే వీలు లేదు. పైగా కార్ఖానాలో మంటలు లేచిన రోజున రెండు బండ్లకూ ఒకే నిమిషంలో పని పడుతుంది. మేం వంతులవారీగా పరీక్షిస్తూ పోతే ఇది ఎప్పటికీ బయటపడేది కాదు.

సిస్టర్ మళ్ళీ పొయ్యి వెలిగించింది. భోజనాలయ్యాక ఇద్దరు డ్రైవర్లనూ పొద్దున ఉన్న చోట్లకే వెనక్కి పంపాను. గడియారాలు కలుపుకుని, ఒకే క్షణంలో వేరువేరు మాటలు చెప్పమన్నాను. నేను సిస్టర్ పక్కన సెట్టు దగ్గర కూర్చున్నాను. ఎన్నిసార్లు చేసినా మల్లేశ్ మాటే వచ్చింది. తర్వాత యేసయ్య ఒక్కడే పిలిచి, "విన్నరా?" అని అడిగిన ప్రతిసారీ లేదని చెప్పడం నాకు కష్టంగా ఉంది.

ఇక మిగిలింది రెండో దారి, ఫైరింజనును పోలీసుల ఛానల్లో కలపడం. ఔట్‌పోస్టు కప్పు మీద పొడవైన ఏరియల్ స్తంభం ఉంది. దాని మాట గుట్ట దాటి మల్లేశ్‌కు చేరుతుందా, అతని మాట వాళ్ళకు చేరుతుందా? అంబులెన్సులోనే ఉప్పల్ వెళ్ళి మల్లేశ్‌ను పోలీసుల ఛానల్‌కు మారమన్నాం. రెండు వైపులా చక్కగా వినిపించింది. హెడ్ కానిస్టేబుల్‌కు మాత్రం నచ్చలేదు.

"మా లైనుల మంటల బండి లొల్లి ఏంది మేడం? ముందే మాకు ఊపిరాడదు."

"ఆయన మాట మీకు వినపడతది, మీ మాట ఆయనకు వినపడతది. ఒకరు మాట్లాడుతుంటె ఇంకొకరు ఆగుతరు. అంబులెన్సుకు, ఆయనకు ఒకరి మాట ఒకరికి వినపడదు, అందుకే ఆగుతలేరు."

ఆయన స్తంభం వైపు చూసి, "ఆగకుంటే?" అన్నాడు.

"ఆగకుంటే మీరే తిట్టున్రి. మీ తిట్లు ఆయనకు వినపడతయి."

యేసయ్య కిసుక్కున నవ్వాడు. హెడ్ కానిస్టేబుల్ కాసేపు మీసం సవరించుకుని, "మంటలంటే జనాన్ని ఆపనీకి మేం గూడ ఉరకాల్సిందే. ముందుగాల మాకు తెలుస్తె నయమే" అన్నాడు.

సాయంత్రం ఆఖరి పరీక్ష చేశాం. ఫైరింజను పోలీసుల ఛానల్లో, అంబులెన్సు ఒంటరిగా తన ఛానల్లో. మళ్ళీ ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. యేసయ్య సెట్టులో పరీక్ష మాటగా, "చిల్కానగర్ నుంచి కడుపుతో ఉన్న అమ్మాయి, మొదటి కాన్పు, జర తొందర" అన్నాడు. నేను అతని పక్కనే కూర్చున్నాను. సిస్టర్ గొంతు వచ్చింది. "చిల్కానగర్, మొదటి కాన్పు, తొందర. నీళ్ళు పొయ్యి మీద పెట్టిన." యేసయ్య సెట్టు కింద పెట్టి బండి స్టార్టు చేశాడు.

మర్నాడు మా ఆఫీసరుగారికి పాత ప్రణాళికను కొట్టేసి కొత్తది ఎందుకు రాశానో చెప్పాను. ఆయన పటం మీద గుట్టను వేలితో తడిమి, కొత్త కాగితం మీద తనూ సంతకం చేసి ఢిల్లీకి పంపారు. అనుమతి ఇంకా రాలేదు. అందాక రెండు బండ్లూ పాత ఛానల్లోనే ఉంటాయి కాబట్టి అంబులెన్సు పిలుపులో ఏముందో సిస్టర్ తిరిగి చెప్పేదాకా యేసయ్య నమ్మడు, ఆమె చెప్పేదాకా పిలుస్తూనే ఉంటాడు. ఇంతకాలం వినపడనివాళ్ళను ఒక చోట చేరిస్తే గొడవ ఉండదని నేననుకున్నాను. ఒకరి మాట ఒకరికి చేరేవాళ్ళే ఒక దారిని పంచుకోగలరని ఆ రోజు తెలిసింది. నగరం చుట్టూ ఇంకా ఎన్నో గుట్టలున్నాయి, వాటి వెనక ఎన్నో బండ్లు రాబోతున్నాయి. ఇప్పుడే సరిగ్గా పంచితే అన్నిటికీ చోటు దొరుకుతుందని నా నమ్మకం.

మీరూ ఇలాంటి పరీక్షకు బయలుదేరుతుంటే ఒక్కటి గుర్తుంచుకోండి. వినిపించిందా అని అడగకండి, ఏం వినిపించిందో చెప్పమని అడగండి.