మావయ్యగారి నంబరు

దెయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. ఎనిమిదో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టేసినవాణ్ణి, నాకు లెక్కల మాస్టారంటే తప్ప ఇంకెవరన్నా భయం లేదు. ఇప్పుడు కూడా నమ్ముతున్నానని అనను. జరిగింది చెబుతాను, మీరే ఏదో ఒకటి అనుకోండి.

రాజోలు దగ్గర మాకో రొయ్యల చెరువుంది. మావయ్యగారు, అంటే మా ఆవిడ నాన్నగారు, నేనూ కలిసి చేసేవాళ్ళం. నీళ్ళలో గాలి ఆడడానికి ఏరియేటర్లు తిరుగుతూ ఉండాలి. మబ్బు పట్టిన రోజు అవి కాసేపు ఆగితే చాలు, రొయ్యలు ఊపిరాడక చచ్చిపోతాయి. పెట్టుబడంతా ఆ నీళ్ళలోనే ఉంటుంది కాబట్టి వాటితోపాటు మేమూనూ.

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మీట నొక్కడానికి గట్టు మీద పాకలో ఒక మనిషి ఉండేవాడు. మొబైల్ స్టార్టరు పెట్టించాక అతన్ని మానిపించేశాం. దాంట్లో ఒక సిమ్ము ఉంటుంది. ఫోన్ చేసి ఒకటి నొక్కితే మోటారు తిరుగుతుంది, రెండు నొక్కితే ఆగుతుంది. ఎవరు పడితే వాళ్ళు చేస్తే పలకదు. మావయ్యగారి నంబరుకీ, నా నంబరుకీ మాత్రమే పలుకుతుంది.

నాకన్నా ఆ డబ్బా అంటేనే ఆయనకి ముద్దు. భోజనం మధ్యలో ఎడం చేత్తో ఫోన్ చేసి, మోటారు ఆన్ అయిందని అది చెబితే "ఆయ్" అనేవారు. మిషనుకి అంత మర్యాద ఇచ్చిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

పోయినేడు ఆయన గుండెపోటుతో పోయారు. అస్థికలు గోదావరిలో కలిపేటప్పుడు అత్తయ్యగారు ఆయన బటన్ ఫోను కూడా ఆ మూటలో పెట్టించారు. అది లేకపోతే ఆయనకి తోచదన్నారు. నా చేత్తోనే నీళ్ళలో వదిలాను. సిమ్ము అందులోనే ఉంది.

ఈ ఏడు రొయ్యలు పట్టి అమ్మే ముందు అత్తయ్యగారిని ఐనవిల్లి వినాయకుడి దర్శనానికి తీసుకెళ్ళాను. ఫోను బండి డిక్కీలో పెట్టి లోపలికి వెళ్ళాం. బయటికొచ్చేసరికి ఆకాశం నల్లగా ఉంది. ఫోను తీస్తే స్టార్టరు నుంచి మెసేజీలు. కరెంటు పోయింది. కరెంటు వచ్చింది. చెరువు పోయిందనుకున్నాను. ఆఖరి మెసేజీలో మోటారు ఆన్ అయిందని ఉంది. దాని కిందే ఆన్ చేసిన నంబరు.

మావయ్యగారిది.

ఎలా వెళ్ళామో తెలీదు, చెరువు దగ్గరికి వెళ్ళి పడ్డాం. ఏరియేటర్లు తిరుగుతున్నాయి. ఒక్క రొయ్య కూడా తేలలేదు. పక్క చెరువాయన్ని అడిగితే మా గట్టు మీదకి ఎవరూ రాలేదన్నాడు. ఆ నంబరుకి ఫోన్ చేశాను. ఎవరైనా ఎత్తుతారేమోనని భయం, ఎత్తరేమోనని ఇంకో భయం. స్విచాఫ్ అని వచ్చింది.

స్టార్టరు బిగించిన మెకానిక్కుని పిలిపించాను. సిమ్ము కంపెనీవాళ్ళు ఆ నంబరు ఇంకెవరికో ఇచ్చేసి ఉంటారన్నాడు. మరి ఆ ఎవరికో మా స్టార్టరు నంబరు ఎవరు చెప్పారయ్యా అన్నాను. ఎందుకైనా మంచిది, పాత నంబరు తీసెయ్యమన్నాడు. ఇవాళ ఆన్ చేసినవాళ్ళు రేపు ఆఫ్ చేస్తే పంట మొత్తం పోతుంది కదా. నిజమే. తీసేద్దామనే కూర్చున్నాను.

అత్తయ్యగారు వచ్చి పక్కన నిలబడ్డారు.

"తీసెయ్యకండి బాబూ," అన్నారు. "ఆయనకి ఇంకేం పనుందండీ?"

ఏదో జోకు వెయ్యబోయాను. మానేసి లేచాను.

నంబరు అలాగే ఉంది. ఆ పంట అమ్ముకుని చెరువులో మళ్ళీ రొయ్యపిల్ల వదిలాం. మెసేజీలో ఆయన నంబరు మళ్ళీ రాలేదు. ఆ రోజు ఎలా వచ్చిందో ఎంత ఆలోచించినా నాకు అంతు చిక్కదు.

ఇప్పుడు మబ్బు పడితే ఫోను చేతిలోంచి దించను. కరెంటు రాగానే వెంటనే నొక్కాలని తెలుసు. అయినా ఒక్క క్షణం ఆగుతాను. ఎందుకు ఆగుతున్నానో అడక్కండి.