సునీత రాయి మీద బొమ్మ

ఉదయం ఆరు గంటలకు బస్తర్ దక్షిణ కొసన ఉన్న కొంటాలో జగదల్‌పూర్ బస్సు ఎక్కాం. నాతో పాటు ఉన్నది మరైగూడ రైతు సోయం ముత్తయ్య. మా దుకాణానికి చింతపండు, ఇప్పపువ్వు తెచ్చే పాత మనిషి. అతనికి ఇంట్లో మాట్లాడే దోర్లీ, తెలుగు వచ్చు. హిందీ అంటే బెదురు. నాకైతే హిందీలో బేరమాడడం, పోట్లాడడం రెండూ వచ్చు కాబట్టి తోడు రమ్మన్నాడు.

అతని కూతురు సునీత జగదల్‌పూర్ అవతల ఒక చిన్న విశ్వవిద్యాలయంలో ఎమ్మే చదివింది. నిరుడు చివరి పరీక్ష రాసి ఇంటికొచ్చిన వారంలోనే మెదడు మలేరియాతో పోయింది. ముత్తయ్య భార్య తోంగ్‌పాల్ వైపు మాడియా తెగ ఇంటి ఆడపడుచు. వాళ్ళలో పోయినవారి పేరిట రాయి నిలబెడతారు. బతికుండగా వారికి ఏది ఇష్టమో దాని బొమ్మ రంగులతో ఆ రాయి మీద వేస్తారు. సైకిల్ మీద మోజున్నవాడికి సైకిల్, వేటగాడికి విల్లు. సునీతకు మేనమామ వేస్తానన్నాడు. వానలు పడకముందే కానివ్వాలి. ఏం బొమ్మ వేయమంటావు బావా అని అతను అడిగితే, కనుక్కుని చెబుతానన్నాడట ముత్తయ్య. ఆ పిల్ల చిన్ననాటి నుంచి ఆశ్రమశాలల్లో, హాస్టళ్ళలో పెరిగింది. ఆమెకు ఏది ఇష్టమో కన్నతండ్రికి తెలియదు. అది తెలుసుకోవడానికే ఈ ప్రయాణం.

దోర్నాపాల్ దాటే వరకు పోలీసు క్యాంపుల దగ్గర తనిఖీకి బస్సు ఆగుతూనే ఉంటుంది, ఆధార్ కార్డు పైజేబులోనే ఉంచుకోవడం మేలు. ఎనిమిదిన్నరకు సుక్మా. అక్కడ స్టాండు పక్క బండి మీద అటుకుల పోహా బాగుంటుంది. దర్భా ఘాట్ కొండ మలుపుల్లో కడుపు తిప్పేవాళ్ళు మాత్రం టీతో సరిపెట్టుకోండి. ముత్తయ్య టీ కూడా తాగలేదు.

సుక్మాలో ఎక్కిన ఒక ఆంధ్రావిడ మా ముందు సీట్లో కూర్చుంది. భర్త ఇనుపగనిలో ఉద్యోగి. తెలుగు వినబడితే మాట కలపకుండా ఉండలేని మనిషి. ఎక్కడికని అడిగింది. యూనివర్సిటీకి అన్నాను.

"ఎవరండీ చదువుకునేది?"

"నా బిడ్డ," అన్నాడు ముత్తయ్య.

"మంచి పని చేస్తున్నారండీ. ఆడపిల్లని అంత దూరం పంపి చదివించడానికి ఎంత ధైర్యం కావాలి!"

ముత్తయ్య తలూపాడు. నిజం చెబుదామని నోరు తెరిచిన నన్ను, మోకాలి మీద చెయ్యేసి ఆపాడు. ఒక్క పూటైనా బిడ్డ చదువుకుంటున్న తండ్రిలా ఉండాలనిపించిందేమో. నేను కిటికీ వైపు తిరిగాను. నా కళ్ళలో నీళ్ళు ఆవిడకు కనబడకూడదని.

పదకొండున్నరకు జగదల్‌పూర్‌లో దిగి ఆటో మాట్లాడుకున్నాం. విశ్వవిద్యాలయానికి గేటు మాత్రం కోటగుమ్మమంత ఉంది. లోపలికి పోతే సాలచెట్ల మధ్య దూరదూరంగా నాలుగు భవనాలు. మానవశాస్త్రం, అటవీశాస్త్రం, గ్రామీణ సాంకేతిక పరిజ్ఞానం, కంప్యూటర్ కోర్సులు ఉన్నాయి. పాఠాలు చెప్పేవాళ్ళలో ఎక్కువమంది ఏడాది ఒప్పందం మీద వచ్చేవాళ్ళే. అక్కడ చెట్లకు తప్ప పర్మినెంటు కొలువు ఎవరికీ ఉన్నట్టు లేదు.

ముత్తయ్య చుట్టూ చూసి, "సేటూ, గీ బిల్డింగులన్నిట్ల నా బిడ్డ యాడ కూసుండేదో జెర అడుగు," అన్నాడు.

ఆఫీసు గుమాస్తా 'లంచ్ కే బాద్' అని, భోజనం తర్వాత రమ్మన్నాడు. నేను గొంతు పెంచితే తిండి మధ్యలో లేచి వచ్చాడు. సంగతి వినగానే పాపం చల్లబడి, మమ్మల్ని సునీత చదివిన మానవశాస్త్ర విభాగానికి తనే తీసుకుపోయాడు. దారిలో, "రాయి మీద కంప్యూటర్ వేయించండి, ఈ కాలం పిల్లలకు అదే ఇష్టం," అని సలహా కూడా ఇచ్చాడు.

విభాగం గోడ నిండా పోయినవారి పేరిట నిలిపిన బస్తర్ రాళ్ళ ఫోటోలే. అక్కడి మాస్టారు యువకుడు, మర్యాదస్తుడు. మేము ఆ ఫోటోలు చూడవచ్చినవాళ్ళమనుకుని ఆ రాళ్ళ ఆచారం గురించి హిందీలో ఉత్సాహంగా చెప్పుకుపోయాడు. ముత్తయ్య చేతులు కట్టుకుని విన్నాడు. మేమెందుకు వచ్చామో నేను చెప్పాక ఆయన కుర్చీలు వేసి మమ్మల్ని కూర్చోబెట్టాడు. తాను నిరుడు జులైలోనే చేరానని, ఆమెకు పాఠం చెప్పినవాళ్ళు ఒప్పందాలు ముగిసి వెళ్ళిపోయారని చెప్పాడు. "పుస్తకం బొమ్మ వేయించండి," అన్నాడు మెల్లగా.

"పుస్తకమంటె ఇష్టమని అది ఎవరికన్న చెప్పిందా అడుగు సేటూ," అన్నాడు ముత్తయ్య.

నేను అడగలేదు. తెలియదనే జవాబు ఆ మనిషి చేత చెప్పించడం నాకే కష్టమనిపించింది. ఆయనే ఆలోచించి, హాస్టల్లో సునీత గదిలో ఉన్న అమ్మాయి ఇంకా ఇక్కడే చదువుతోందని కనుక్కుని కబురు పంపాడు.

హాస్టల్ గేటు దాటి మగవాళ్ళను పోనివ్వరు. బయట సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. వచ్చిన పిల్ల పేరు రుక్మిణి, ఊరు భోపాలపట్నం. తెలుగు పిల్లే కావడంతో నా హిందీతో పని లేకపోయింది. ముత్తయ్య అడగవలసింది తనే అడిగాడు.

"బాబాయ్, సునీతక్కకు కొంటా బస్సంటె పానం," అంది రుక్మిణి. "ఐతారం ఐతారం నన్ను తోలుకొని బస్టాండుకు పోయేది. మద్యానం బస్సు ఎక్కి కిటికీకాడ కూసునేది. గందుల మీ ఊరోల్ల మాటలు ఇనొచ్చని. డ్రైవరు బండి తీస్తుంటె దిగిపోయేది."

"దిగుడెందుకు బిడ్డా?"

ఆ పిల్ల నా వైపు చూసి, తల దించుకుంది. "సదువు అయ్యేదాక ఇంటి మొఖం చూడొద్దని నువ్వే అన్నవంట గద బాబాయ్."

ముత్తయ్య ఒప్పుకున్నాడు. "అన్న బిడ్డా. నడుమల ఇంటికొచ్చిన పిల్లలు మా ఊర్ల ఎవ్వలు మల్ల బడికి పోలే. ఇది గూడ ఆగిపోతదని బయపడ్డ." ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి, "నువ్వు పోయి రా ఇంటికి," అన్నాడు.

మధ్యాహ్నం రెండున్నర కొంటా బస్సుకు తిరుగు ప్రయాణం. కిటికీ సీటు అతనికిస్తే వద్దన్నాడు, నేనూ కూర్చోలేకపోయాను. దర్భా ఘాట్ దిగేవరకూ అది ఖాళీగానే వచ్చింది. ఆ విశ్వవిద్యాలయం ఎలా ఉందని ఎవరైనా అడిగితే మంచి చోటేనని చెబుతాను. చెట్లున్నాయి, చదువుంది, మనుషులు మెత్తనివాళ్ళు. కాని అంత మంచి చోట మా వైపు పిల్ల ఒకతి వారమంతా ఆదివారం కోసం ఎదురుచూసిందని కూడా చెబుతాను.

తోంగ్‌పాల్‌లో టీకి బస్సు ఆగింది. సునీత మేనమామ రోడ్డు పక్కనే కాచుకుని ఉన్నాడు. ముత్తయ్య దిగి బస్సు బొమ్మ వేయమన్నాడు. బస్సు మొఖం కొంటా దిక్కుకే ఉండాలన్నాడు. మేనమామ బస్సును ముందు నుంచి వెనక దాకా చూసుకున్నాడు.

"డ్రైవర్ను ముందల ఏస్త, కండక్టర్ను తలుపుకాడ ఏస్త. మరి పిల్లను యాడ ఏయాలె బావా?"

"లోపల, కిటికీకాడ," అన్నాడు ముత్తయ్య. "ఈపాలి దిగనియ్యకు."