అన్నప్రాశన నాడు నమిలిన పుస్తకం

మా బావగారి కొడుకు అన్నప్రాశన నాడు, ముందు పెట్టిన కత్తి, పూలు, బంగారం వదిలేసి పుస్తకం పట్టుకుని అట్ట నమిలాడు. "నా కొడుకు సారైతడు!" అని బావగారు కారేపల్లంతా చాటారు. పెద్దయ్యాక వాడికి మిరపచేనులో ఒంటరిగా పనిచేయడమే ఇష్టం. నలుగురిలో నోరు పెగలదు. అయినా బలవంతాన ఖమ్మంలో టీచరుగా పెట్టించారు. తరగతిలో పిల్లల్ని అదుపు చేయలేక, మొన్న ఉద్యోగం పోగొట్టుకుని ఇల్లు చేరాడు.

"దిష్టి తగిలిందమ్మా, ఇంకో బడి చూస్త," అన్నారు బావగారు.

"నయం బావగారూ, ఆ పొద్దు వాడు మీ మీసం పట్టుకోలే. పట్టుకుంటే కటింగ్ షాపు పెట్టిస్తుంటిరి!" అన్నాను.

వాడు పగలబడి నవ్వాడు. "నేను చేనుకు పోతున్న నాయనా," అని లేచి వెళ్లిపోయాడు.

బావగారు మాత్రం ఆ నమిలిన పుస్తకాన్ని ఇంకా బీరువాలో దాచుకుని మురుస్తున్నారు.