ఉస్తాద్ బొటనవేలి మోత

జుమా నమాజు ముగించుకుని చెప్పులు వేసుకుంటుండగా ప్రొద్దుటూరు నుంచి ఫోను. ఉస్తాద్ కూతురు. "అబ్బా పొద్దున పోయినారన్నా. నీకు ముందు చెప్పమనింది అమ్మ," అంది. ఇక్కడ రియాద్‌లో, మలాజ్ పేటలో ఒక సందులో కొట్టు మెట్టు మీద కూలబడి, సిగ్గు లేకుండా ఏడ్చాను.

మీరాయన్ని ఎరగరు. మైకు వెనక ఉండేవాడి ముఖం ఎవరు చూస్తారు? కడప జిల్లా పెళ్లిపందిళ్లలో మైకుసెట్టు నడిపి, తర్వాత రియాద్‌లో సౌండు కంపెనీకి వచ్చాడు. నాకు పని నేర్పింది ఆయనే. నేను కేబులును మోచేతికి చుడితే ఊరుకునేవాడు కాదు. "మెల్లగా చుట్టురా, దానికీ నరాలుంటాయి," అనేవాడు. స్పీకర్లో మోతంటే ఆయనకు పగ. రూములో ఏసీ కాస్త గుంయ్‌మన్నా అన్నం వదిలేసి లేచి దానికి చెవి ఆనించేవాడు.

నేను కంపెనీలో చేరిన కొత్త. మూడు నెలల పరీక్ష గడువు ఆ వారంతో ముగుస్తుంది. తేడా వస్తే ఎగ్జిట్ వీసా కొట్టి ఇంటికి పంపుతారు. సరిగ్గా అప్పుడే ఇటలీ వాళ్ల కచేరీ వచ్చిపడింది. కచేరీ అంటే పాటా లేదు, తాళమూ లేదు. రేకులు, స్ప్రింగులు, పాత ఫ్యాను మోటారు. తలనెరిసిన ఒకావిడ వాళ్లకు పెద్ద.

సాయంత్రం వాళ్లు తిండికి వెళ్లారు. తొడుగు చినిగిన వైరొకటి స్పీకర్లో గుంయ్‌మని మోగుతోంది. ఉస్తాద్ శిష్యుణ్ణి కదా, ఊరుకుంటానా! దాన్ని ముక్కలుగా కోసి పారేసి కొత్తది బిగించాను. మోత చచ్చింది. ఆ మోతే వాళ్ల సంగీతమని నాకేం తెలుసు?

ఆవిడ వచ్చి విని తల పట్టుకుంది. ఎన్నో రోజులు వెతికి కుదుర్చుకున్న మోతట. అప్పటికే జనం వచ్చి కూర్చుంటున్నారు. "ఎవరు ముట్టుకున్నారు?" అని అరిచాడు మా కంపెనీ ఈజిప్టు మేనేజరు. నేను ఉస్తాద్ వెనక్కి నక్కాను.

"నేర్పింది నేను. తప్పు నాది," అంటూ ఉస్తాద్ ముందుకొచ్చాడు. తర్వాత నా వైపు తిరిగి, "మొగం అట్ల పెట్టినావేందిరా? పోగొట్టింది మనమే, తెచ్చేదీ మనమే. జరుగు," అన్నాడు.

లైను బతికుందో లేదో పిన్నును వేలితో తాకి చూడటం మైకుసెట్టు వాళ్ల అలవాటు. తాకితే మోగుతుంది. ఉస్తాద్ తెర వెనక నేల మీద కూర్చుని కొత్త వైరు చివర పిన్ను మీద బొటనవేలు ఆనించాడు. గుంయ్! ఆవిడ తల అడ్డంగా ఊపింది. కొంచెం నొక్కాడు. ఊహూఁ. చెప్పులు విడిచి, పట్టు మార్చి, మళ్లీ నొక్కాడు. ఆవిడ కళ్లు మూసుకుని చేయెత్తింది. అక్కడే ఉంచమని.

కచేరీ అంతా ఆయన కదల్లేదు. చెమట కళ్లలోకి కారుతోంది. నేను తుడవబోతే కసిరాడు. "ముట్టుకోవాకు, సుతి మారుతాది!" జీవితమంతా చంపిన మోతను ఆ సాయంత్రం నా కోసం ఒళ్లంతా బిగపట్టి కాపాడాడు.

చప్పట్లు అయిపోయాయి. జనం వెళ్లిపోయారు. "చాలు, తియ్యి," అన్నాడు మేనేజరు. ఉస్తాద్ తియ్యలేదు. తనకొచ్చిన అరబ్బీలో అడిగాడు: "ముదీర్, హాదా నఫర్ బుక్రా షుగల్ ఫీ?" వీడికి రేపు పని ఉందా, లేదా అని.

మేనేజరు ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. ఖాళీ కుర్చీల మీద మోత అలాగే నిలబడి ఉంది.

"ఫీ, ఫీ," అన్నాడు చివరికి. ఉంది పొమ్మని.

అప్పుడు ఎత్తాడు ఉస్తాద్ బొటనవేలు.