గ్లెనిస్ ఎవరు?

ఇంటి నుంచి పని ఇక చాలు, వారానికి మూడు రోజులు ఆఫీస్‌కి రావాల్సిందే అని మా కంపెనీ హుకుం జారీ చేసిన ఏడాది అది. జెర్సీ సిటీలో పదకొండో అంతస్తు, కిటికీ లేని గది, పొద్దస్తమానం చెవులకి హెడ్‌ఫోన్స్. నేను చేసేది క్యాప్షన్ క్యూసీ. టీవీ తెర కింద వచ్చే అక్షరాలని, అంటే వినపడనివాళ్ళు చదువుకునే మాటల్ని, తప్పుల్లేకుండా చూసి పంపడం. తలుపు చప్పుడూ, ఫోన్ మోతా కూడా అందులో రాయాలి. మాట్లాడేది ఎవరో తెలియకపోతే ముందు పేరు పెట్టాలి. ఆ పేరుని మేం స్పీకర్ ఐడీ అంటాం.

ఆ ఏడాది మా నెత్తిన పడింది ఒక ఆస్ట్రేలియా పోలీస్ సీరియల్. పదమూడు సీజన్లు. ఒక చిన్న ఊరి స్టేషన్, అయిదారుగురు పోలీసులు, వాళ్ళ చుట్టూ అప్పుడప్పుడూ కనిపించి పోయే జనం: బార్ నడిపే ఆవిడ, పశువుల డాక్టరు, కోర్టు గుమస్తా. హీరోల పేర్లు ఎవరూ తప్పు రాయరు. మా ప్రాణం తీసేది ఎప్పుడూ ఈ వచ్చిపోయేవాళ్ళే. ఎలాగో అన్నీ పూర్తిచేసి అప్పగించాం. తప్పులుంటే దిద్దుకోవడానికి క్లయింట్ ఇచ్చిన గడువు ఇంకో నెల ఉంది. అది దాటితే ఆ ఫైళ్ళని ఇక ఎవరూ ముట్టుకోకూడదు. హమ్మయ్య అనుకుంటున్న సమయంలో అనసూయ ఆంటీ తగులుకున్నారు.

ట్రాయ్ అనే ఊళ్ళో ఉంటారు. కార్ల విడిభాగాల కంపెనీలో క్వాలిటీ డిపార్ట్‌మెంట్‌లో ఇరవై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. యాభై దాటాక వినికిడి క్రమంగా పోయింది. ఆ సీరియల్ క్యాప్షన్ల మీద మా సపోర్ట్ పేజీకి ఒక ఫిర్యాదు పంపారు. నేను జవాబిచ్చాను, కింద నా పేరు ఉంది. అరగంటలో ఇంకో మెయిల్: "నువ్వు తెలుగమ్మాయివేనా? నంబర్ పంపు." ఇంకెవరైనా అడిగితే కంపెనీ రూల్స్ ఏకరువు పెట్టేదాన్ని. ఆంటీ అడిగితే ఎలా కాదంటాం? బుద్ధి గడ్డి తిని ఇచ్చాను.

ఇక చూసుకోండి. వీడియో కాల్‌లో ఆవిడ మాట్లాడతారు, నేను టైప్ చేస్తాను. నేనొక జవాబు కొట్టేలోపు ఆవిడ మూడు ప్రశ్నలు వేస్తారు. లంచ్ చేసే అరగంట కూడా నాది కాకుండా పోయింది.

"అమ్మాయ్ సుజనా, ఆఖరి సీజన్ ఆరో ఎపిసోడ్ చూశావా? స్టేషన్‌లో ఒక ఖాళీ కుర్చీ చుట్టూ నిలబడి అందరూ ఏడుస్తున్నారు. పదమూడు సీజన్లలో ఒక్క చుక్క కన్నీరు రాల్చని సార్జెంటు, ఆయన కూడా ఏడుస్తున్నాడు. గ్లెనిస్ పోయిందంట. ఎవరా గ్లెనిస్?"

నాకు తెలియదు. నేనా ఎపిసోడ్‌ని మూడు నెలల కిందట, స్పీడు పెంచి చూశాను. "చిన్న పాత్ర అయ్యుంటుంది ఆంటీ. ఎక్కడో మిస్సయ్యుంటారు," అని కొట్టాను.

"నేను మిస్సవ్వనమ్మా. నేను వినేది కళ్ళతో. నీళ్ళు తాగాలన్నా పాజ్ చేసి లేస్తాను."

పప్పన్నం చల్లారిపోతోంది. విసుగ్గా, "అంత ఇంపార్టెంట్ ఏం కాదులెండి," అని పంపాను.

ఆవిడ అది చదివారు. తర్వాత మెల్లగా అన్నారు: "మా ఇంట్లోనూ ఇదే మాట. డిన్నర్ దగ్గర అందరూ పగలబడి నవ్వుతారు. ఏంట్రా అంటే, 'ఏం లేదులే అమ్మా, తర్వాత చెప్తా' అంటాడు మావాడు. ఆ తర్వాత అనేది ఇంతవరకూ రాలేదు. అడగడం మానేశా. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారుగా, ఇక వినలేనిదాని సంగతి చెప్పాలా? ఈ సీరియల్ ఒక్కటే నా దగ్గర ఏదీ దాచట్లేదనుకున్నా." కాల్ కట్ చేసేశారు.

పీడా విరగడైందని అనుకోవాలి కదా. అన్నం సహించలేదు.

తొమ్మిది రోజుల తర్వాత ఒక స్ప్రెడ్‌షీట్ వచ్చింది. రెండొందల పద్నాలుగు వరసలు. ప్రతి వరసలో ఎపిసోడ్, నిమిషం, మేం పెట్టిన పేరు, ఆ మాట. ఒకచోట 'వుమన్' అని ఉంది, ఒకచోట 'ఆపరేటర్', ఇంకోచోట 'ఫీమేల్ వాయిస్', మరోచోట 'వుమన్ ఆన్ రేడియో'. పైన ఒకే వాక్యం రాశారు: "ఇవన్నీ ఒకే మనిషి మాటల్లా ఉన్నాయి. పెట్రోలింగ్‌కి వెళ్ళిన ప్రతివాడికీ వర్షం గురించి చెప్తుంది, ఆఖర్న కెటిల్ పెడుతున్నా త్వరగా రమ్మంటుంది. ఒకసారి విని చూడు."

చాదస్తం కాకపోతే ఏంటి అనుకుంటూనే హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. మొదటి వరస విన్నాను. బొంగురు గొంతు, మాట చివర చిన్న దగ్గు. నలభయ్యో వరస, అదే గొంతు. నూట తొంభయ్యో వరస, అదే గొంతు, కాస్త ముసలిదైంది. స్టేషన్ రేడియో ఆపరేటర్. తెర మీద మనిషి ఎక్కడా కనబడదు. మొదటి సీజన్‌లో సార్జెంటు ఒక్కసారి "థాంక్స్, గ్లెనిస్" అంటాడు, అంతే. చెవులున్నవాళ్ళకి ఆ తర్వాత పేరు అవసరం లేదు, గొంతు చాలు. చెవులున్న మేం ఆరుగురం కలిసి ఆ మనిషిని నాలుగు ముక్కలు చేశాం. వినపడని ఆవిడ మాటతీరు చదివి గొంతు పట్టుకున్నారు. సిగ్గుతో నా మొహం మండిపోయింది.

ఆ రోజు నేనే కాల్ చేశాను. క్వాలిటీ వాళ్ళకి ఒక పద్ధతి ఉందట. లోపం కనబడితే అసలు కారణం దొరికేదాకా అయిదుసార్లు ఎందుకని అడగాలట.

"పేరు ఎందుకు పెట్టలేదు?"

"ఆ ఎపిసోడ్‌లో ఎవరూ పేరుతో పిలవలేదు ఆంటీ."

"పాత ఎపిసోడ్‌లో పిలిచారుగా. ఎందుకు గుర్తు లేదు?"

"అది చేసింది వేరే మనిషి."

"ఎందుకు వేరే మనిషి?"

"త్వరగా అవ్వాలని ఎపిసోడ్లు తలా ఒకటి పంచాం. వరసగా రెండు ఎవరూ చూడలేదు."

"గొంతు విన్నవాళ్ళు పోనీ ఒకరినొకరు ఎందుకు అడగలేదు?"

"అడగక్కర్లేదని రూల్ ఉంది. ఆ ఎపిసోడ్‌లో పేరు వినబడేదాకా పేరు రాయకూడదు. ముందే రాస్తే సస్పెన్స్ పోతుందని."

"అలాంటి రూల్ ఎందుకు పెట్టారు?"

ఆ స్టైల్ గైడ్, అంటే మా టీమ్ అంతా పాటించాల్సిన నియమాల పుస్తకం, రాసింది నేనే. ఎప్పుడో ఒక సీరియల్‌లో హంతకుడి పేరు ముందే బయటపెట్టామని తిట్లు తిని, ఆ కోపంలో రాసిన రూల్ అది. "నేనే పెట్టాను ఆంటీ," అని పంపాను. ఆవిడ తిట్టలేదు. "సరే, దిద్దు," అన్నారు.

దిద్దడం అంత తేలికా? మా మేనేజర్ కార్తీక్ వరంగల్ మనిషి, చెడ్డవాడు కాదు, కానీ స్కోప్, అంటే ఒప్పుకున్న పని హద్దు, అన్న మాట లేకుండా ఊపిరి తీసుకోడు. "పదమూడు సీజన్లు మళ్ళా తెరుస్తావా? ఒక్క ఆంటీ కోసమా? ఇది స్కోప్‌ల లేదు సుజనా."

"తప్పు నాది కార్తీక్. రూల్ కూడా నాదే. నా పని ఆపకుండా చేస్తాను."

"గడువు దాటితే నన్ను అడగొద్దు మరి. క్లయింట్‌కి మెయిల్ నేను పెడ్తగాని."

మిగిలింది పద్దెనిమిది రోజులు. పొద్దున రైల్లో లిస్ట్ చూసుకోవడం, ఆఫీస్‌లో దొరికిన ప్రతి ఖాళీలో వినడం, దిద్దడం. వర్షం, కెటిల్, దగ్గు. వర్షం, కెటిల్, దగ్గు. మధ్యలో ఆంటీ మెసేజ్: "నూట పన్నెండో వరస నిమిషం తప్పు రాశా, సారీ." పిచ్చెక్కిపోయింది. ఆఖరి ఫైల్ గడువుకి ముందురోజు వెళ్ళింది.

తర్వాత రెండు నెలలు ఆంటీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. మాట వరసకైనా థాంక్స్ చెప్పలేదని ఉక్రోషం కూడా వచ్చింది. ఒక మధ్యాహ్నం మెసేజ్ మోగింది. మొదటి సీజన్ నుంచి మళ్ళీ అన్నీ చూసుకుంటూ వచ్చారట.

"సుజనా, ఇవాళ ఆ ఆరో ఎపిసోడ్‌కి వచ్చా. గ్లెనిస్ పోయింది. ఈసారి వాళ్ళతోపాటు నేనూ ఏడ్చా. మావాడు వచ్చి ఏమైందమ్మా అని అడిగాడు. ఏం లేదులే అనలేదు. కూర్చోబెట్టి మొత్తం చెప్పా."

ఆ రూల్‌ని స్టైల్ గైడ్‌లోంచి నేనే కొట్టేశాను. వినేవాడు గొంతుతో గుర్తుపట్టే మనిషిని చదివేవాడు పేరుతో గుర్తుపట్టాలి అని దాని చోట రాశాను. ఇన్నేళ్ళుగా నేను దిద్దుతున్నవి అక్షరాలనుకున్నాను. అవతల ఒక మనిషి అందరితోపాటు ఏడవగలదా లేదా అన్నది వాటి మీదే ఆధారపడి ఉందని నాకు ఆంటీ చెప్పేదాకా తెలియలేదు. ఇప్పుడు మా టీమ్‌లో ఎవరైనా 'వుమన్' అని రాస్తే, ఏ వుమన్ అని అడుగుతాను. తెలియదంటే, ఎందుకు తెలియదని అడుగుతాను. వాళ్ళకి నా మీద ఎంత విసుగొస్తోందో నాకు బాగా తెలుసు.